డిసెంబరు సెట్టింగు మే నెలలో నిలవదు

సంపాదకులకు నమస్కారం.

ఈఏపీసెట్ ఫలితాలు వచ్చే రోజులివి. పేరు మారి ఏళ్లయినా ఇళ్లలో అందరూ దాన్ని ఎంసెట్ అనే అంటారు. ర్యాంకు ఎంతొచ్చినా ఆ వెంటనే పిల్లలు అడిగేది కంప్యూటరే. లాప్‌టాప్ వద్దు, విడిభాగాలు కొనిస్తే మేమే బిగించుకుంటామనే వాళ్లూ ఉన్నారు. మంచి సరదా, కాదనక్కర్లేదు. అయితే పత్రికల సాంకేతిక పేజీలు ఏ ప్రాసెసర్ కొనాలో, ఏ గ్రాఫిక్స్ కార్డు చవకో చెప్పి ఊరుకుంటున్నాయి. ఆ కంప్యూటర్ పెట్టే గది మే నెలలో ఎంత వేడెక్కుతుంది, దాన్ని గుచ్చే ప్లగ్‌కు ఎర్త్ ఉందా అని ఎవరూ అడగడం లేదు. చిప్‌ను కంపెనీ రాసిన వేగానికి మించి నడిపించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. మన ఊళ్లలో దాన్ని ఆ రెండు ప్రశ్నలతోనే మొదలుపెట్టాలి.

ముందు వేడి సంగతి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఎప్పుడూ గది ఉష్ణోగ్రత మీద కూర్చుని ఉంటుంది. కూలర్ ఎంత మంచిదైనా గది కంటే చల్లగా చేయలేదు. పూర్తి పనిలో 88 వాట్లు తాగే ప్రాసెసర్‌ను ఒక కూలర్ గది కంటే 50 డిగ్రీల పైన నిలబెడుతోంది అనుకుందాం. గది 22 డిగ్రీలైతే చిప్ 72 దగ్గర ఉంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో, హైదరాబాద్‌లో పై అంతస్తులోనో మధ్యాహ్నం గది 38 అయితే అదే చిప్, అదే కూలర్‌తో 88కి చేరుతుంది. ఇప్పటిదాకా పెద్ద ఇబ్బంది లేదు. ఇక దాని వేగాన్ని 5 గిగాహెర్ట్జ్ నుంచి 5.3కి పెంచి, అందుకోసం వోల్టేజీని 1.20 నుంచి 1.32కి లేపామనుకోండి. చిప్ తాగే కరెంటు వేగంతో పాటు నేరుగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. వోల్టేజీ 10 శాతం పెరిగితే 1.1 ఇంటూ 1.1, అంటే 21 శాతం. దాన్ని వేగంలో పెరిగిన 6 శాతంతో హెచ్చిస్తే మొత్తం 28 శాతం. 88 వాట్లు 113 అవుతాయి. 50 డిగ్రీల పెరుగుదల 64 అవుతుంది. చల్లటి దేశంలో 22 డిగ్రీల గదిలో కూర్చున్నవాడికి 86 కనిపిస్తుంది, సంతోషిస్తాడు. మనకు 102. ఏఎండీ రైజెన్ 5 7600 ప్రాసెసర్ గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు. అక్కడికి చేరగానే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. డబ్బు పెట్టి, వోల్టేజీ పెట్టి, చివరికి మామూలుగా వదిలేసినప్పటి వేగమో, అంతకంటే తక్కువో మిగులుతుంది. పైగా ఈ లెక్కలో క్యాబినెట్ లోపలి గాలి గది గాలి కంటే వేడిగా ఉంటుందన్న సంగతి కలపనేలేదు.

అందుకే ఎవరో చూపించిన సెట్టింగును మక్కికి మక్కి దింపుకోవద్దు. వాళ్ల గది ఉష్ణోగ్రత తెలియకుండా వాళ్ల అంకెలు మనకు పనికిరావు. డిసెంబరు రాత్రి మన ఇంట్లోనే నిలిచిన సెట్టింగు కూడా మే మధ్యాహ్నం కూలుతుంది.

ఇంకో మాట చెప్పుకోవాలి. ఓవర్‌క్లాకింగ్‌కు ఇంత పేరు తెచ్చిన రోజులు వేరు. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ చిప్ 66 మెగాహెర్ట్జ్ బస్‌ను, అంటే బోర్డు గడియారాన్ని, నాలుగున్నర రెట్లు చేసి 300తో నడిచేది. బస్‌ను 100కి మార్చితే 450 అయ్యేది. చాలా చిప్‌లు అలా నడిచేవి కూడా. యాభై శాతం వేగం ఊరికే వచ్చేది. ఇప్పటి ప్రాసెసర్లు చల్లదనాన్నీ వాట్లనీ చూసుకుని క్షణక్షణం వాటంతటవే వేగం పెంచుకుంటాయి. చెరుకును కంపెనీయే రెండుసార్లు మరలో పెట్టి తీస్తోంది, మనకు మిగిలేది పిప్పిలోని తడి. 2024లో ఇంటెల్ 14900కేఎస్‌ను 9.1 గిగాహెర్ట్జ్ దాకా తీసుకెళ్లినవాళ్లు ద్రవ హీలియం పోసి ఆ పని చేశారు. హీలియం మనకెక్కడిది? మనలాంటి వేడి చోట ఈ సరదా నిజంగా పండేది వోల్టేజీ పెంచినప్పుడు కాదు, తగ్గించినప్పుడు. అది కింద వివరంగా రాస్తాను. ముందు గోడలోని ప్లగ్ దగ్గరికి వెళ్దాం.

కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని చాలా ఇళ్లలో వినిపించే ఫిర్యాదు. ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లో కరెంటు సరఫరా చేసే డబ్బా) పాడైందని దుకాణానికి మోసుకెళ్తారు. అక్కడ వాళ్ల ప్లగ్‌లో గుచ్చితే షాక్ ఉండదు. కారణం తేలిక. ఎస్ఎంపీఎస్ లోపల విద్యుత్ రొదను వడకట్టడానికి ఫేజ్ నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ తీగ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే ఆ రెండు కెపాసిటర్ల మధ్య బాడీ వేలాడుతూ, 230లో సగం, అంటే దాదాపు 115 వోల్టులు చూపిస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి చెయ్యి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ అదే బాడీ మీద మన మదర్‌బోర్డు బిగించి ఉంది. టీవీతోనో, కేబుల్ కనెక్షన్‌తోనో, స్పీకర్ల ఆంప్లిఫయర్‌తోనో వైరు కలిపినప్పుడు ఆ తేడా పోర్టుల గుండా పోతుంది. పోర్టులు పోయేది ఇలాగే.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ప్లగ్ దగ్గర మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయించండి. టెస్టర్ లైటు వెలగడం చాలదు. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230కి అటూ ఇటూ ఉండాలి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 3 వోల్టులు దాటకూడదు. రెండో కొలత వందో, నూటముప్పయ్యో చూపించి ఊగుతుంటే ఎర్త్ తీగ ఎక్కడో తెగింది, లేదా అసలు వేయలేదు. పాత ఇళ్లలో మూడో రంధ్రం అలంకారానికే ఉంటుంది. కొందరు ప్లగ్‌లోనే న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపేసి 'సరిపోయింది' అంటారు. అలా చేయించుకోవద్దు. ఎప్పుడైనా ఫేజ్, న్యూట్రల్ తారుమారైనా, న్యూట్రల్ తెగినా క్యాబినెట్ మొత్తానికి నేరుగా 230 వోల్టులు వస్తాయి. ఎర్త్ ఉండీ కొలత సరిగా రాకపోతే గుంత ఎండిపోయిందేమో చూడండి. ఎండాకాలంలో ఎర్త్ గుంతలో నీళ్లు పోయడం మన పెద్దవాళ్లు మరిచేవారు కాదు.

స్పైక్ బస్టర్ మీద కూడా చాలామందికి లేనిపోని నమ్మకం ఉంది. అది క్షణంలో వచ్చి పోయే పోటును మాత్రమే మింగుతుంది. వీధిలో న్యూట్రల్ తెగి ఇంట్లోకి 300 పైన వోల్టులు వచ్చి నిలబడితే ఏమీ చేయలేదు. అందుకు వోల్టేజీ హద్దు దాటగానే సరఫరా కోసేసే పరికరం మెయిన్ బోర్డులో ఉండాలి. మంచి ఎస్ఎంపీఎస్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే స్టెబిలైజర్ అవసరం లేదు. ఆ డబ్బు ఎర్తింగ్‌కు పెట్టండి.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో దాని వెనక మీటను యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. కరెంటు పోయాక ఎస్ఎంపీఎస్ తన కెపాసిటర్లలోని నిల్వతో సెకనులో వందో వంతు, కాస్త అటూ ఇటూగా మాత్రమే నిలబడుతుంది. పదహారు మిల్లీసెకన్లంటే మంచి ఎస్ఎంపీఎస్ కింద లెక్క. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అంత త్వరగా అందుకోదు, ఫ్యాన్ ఆగదు గానీ కంప్యూటర్ ఆగిపోతుంది. బయోస్‌ను, అంటే బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రామ్‌ను, అప్‌డేట్ చేస్తున్న నిమిషంలో ఇలా జరిగితే బోర్డు మూగబోతుంది.

ఎంత ఎస్ఎంపీఎస్ కావాలో లెక్క వేసుకోవడం సులువు. రైజెన్ 5 7600 మీద 65 వాట్లని ఉన్నా సాకెట్ నుంచి 88 దాకా తీసుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లకు కలిపి మరో 50 వేసుకోండి. మొత్తం 253. పేరున్న కంపెనీ 550 వాట్లది తీసుకుంటే హాయిగా సరిపోతుంది, 600 వీఏ యూపీఎస్ మీద, అంటే సుమారు 360 వాట్ల మీద, మానిటర్‌తో కలిపి పని భద్రపరుచుకునేంత సేపు నడుస్తుంది. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే '500 వాట్ల' డబ్బాను మాత్రం నమ్మొద్దు. దాని స్టిక్కరు మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లో చూడండి. 18 అని ఉంటే 12 ఇంటూ 18, 216 వాట్లు. మనం చెప్పుకున్న ప్రాసెసరూ కార్డూ రెండే 203 తాగుతాయి, అవి తాగేది దాదాపు అంతా ఆ 12 వోల్టుల లైను నుంచే. 80 ప్లస్ గుర్తు ఉందని మురిసిపోనక్కర్లేదు. అది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే గుర్తు, లోపల భద్రతా ఏర్పాట్లున్నాయని చెప్పే గుర్తు కాదు.

బిగించే పనిలో చెడేవి ఎప్పుడూ అవే నాలుగైదు. రైజెన్ 7000 ప్రాసెసర్లు కూర్చునే ఏఎం5 సాకెట్‌లో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, మొత్తం 1718. ప్రాసెసర్‌ను నిటారుగా దించాలి, జార్చకూడదు. చేతిలోంచి జారి మూల తగిలినా పిన్నులు వంగుతాయి, వారంటీ ఉండదు. సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూతను ముందే పీకకండి. ప్రాసెసర్ పెట్టి మీట బిగిస్తే అదే ఎగిరి వస్తుంది. దాన్ని పారేయకుండా దాచండి, బోర్డు వారంటీకి పంపాల్సివస్తే అడుగుతారు.

ర్యామ్ రెండు పుల్లలైతే ప్రాసెసర్ వైపు నుంచి రెండో గాడిలోనూ నాలుగో గాడిలోనూ పెట్టాలి. బోర్డు మీద ఏ2, బీ2 అని ఉంటుంది. మొదటి రెండు గాడుల్లో పక్కపక్కన పెడితే రెండూ ఒకే దారిలో పడి ర్యామ్ వేగం సగమవుతుంది, కంప్యూటర్ మాత్రం ఏమీ జరగనట్టు నడుస్తుంది. తర్వాత పెంచుకుందామని నాలుగు పుల్లల ఆలోచన చేయవద్దు. రైజెన్ 7000 వరసకు నాలుగు పుల్లలతో ఏఎండీ హామీ ఇచ్చే వేగం 3600 మాత్రమే. 32 జీబీ కావాలంటే 16 చొప్పున రెండు, ఒకే పెట్టెలో వచ్చినవి కొనండి.

క్యాబినెట్‌లో బోర్డుకు ఉన్న రంధ్రాల కిందే బోర్డును ఎత్తి పట్టే ఇత్తడి స్టాండాఫ్‌లు ఉండాలి. రంధ్రం లేనిచోట ఒకటి మిగిలిపోతే అది బోర్డు వెనక టంకాలకు తగిలి షార్ట్ చేస్తుంది. బటన్ నొక్కగానే ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగితే మొదట అనుమానించాల్సింది దాన్నే. ప్రాసెసర్‌కు ఇచ్చే ఎనిమిది పిన్నుల వైరు నాలుగు, నాలుగుగా విడిపోతుంది, గ్రాఫిక్స్ కార్డుది ఆరు, రెండుగా విడిపోతుంది. ఒకదాని చోట ఇంకోటి బలవంతంగా తోస్తే 12 వోల్టులు భూమికి కలుస్తాయి. ఇంకో ప్రమాదం తెలిసినవాళ్లకే ఎక్కువ. ఒక కంపెనీ ఎస్ఎంపీఎస్‌తో వచ్చిన విడి వైర్లను ఇంకో కంపెనీ ఎస్ఎంపీఎస్‌కు వాడటం. బోర్డు వైపు చివర అన్నిటికీ ఒకటే, ఎస్ఎంపీఎస్ వైపు చివరకు మాత్రం ఏ ప్రమాణమూ లేదు. సరిగ్గా సరిపోయినట్టే కూర్చుంటుంది, ఆన్ చేయగానే డిస్కులన్నీ కాలిపోవచ్చు.

కూలర్ అడుగున పారదర్శకమైన పొర ఉంటుంది, పీకి పారేయాలి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్ట్ బఠాణీ గింజంత చాలు. స్క్రూలను ఒక మూల, తర్వాత దాని ఎదురు మూల, రెండేసి చుట్ల చొప్పున బిగించాలి. ఒకవైపే పూర్తిగా బిగిస్తే కూలర్ వాలి, ఒక పక్క కోర్‌లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) మిగతా వాటికంటే పది పదిహేను డిగ్రీలు వేడెక్కుతాయి. స్టాటిక్ కోసం మణికట్టు పట్టీ లేకపోతే ఎస్ఎంపీఎస్‌ను ప్లగ్‌కు గుచ్చి, గోడ స్విచ్ ఆపి, మధ్యమధ్యలో దాని లోహపు ఒంటిని ముట్టుకుంటూ ఉండండి. మన గోడ స్విచ్ ఫేజ్‌ను మాత్రమే కోస్తుంది, ఎర్త్ కలిసే ఉంటుంది. ఈ ఉపాయం ఎర్తింగ్ కొలిచి చూసుకున్న ఇంట్లోనే.

అన్నీ క్యాబినెట్‌లో పెట్టకముందే మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీదే ఉంచి ఒకసారి వెలిగించండి. మొదటిసారి తెర నల్లగానే ఉంటుంది. డీడీఆర్5 ర్యామ్‌ను బోర్డు పరీక్షించి నేర్చుకుంటుంది, దానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. పావుగంట ఆగకుండా కట్టేసి, 'బోర్డు డెడ్' అని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు బస్సెక్కేవాళ్లున్నారు. బోర్డు మీద డీర్యామ్ అని రాసిన చిన్న దీపం ఆ పావుగంట లోపల వెలుగుతుంటే అది పనిలో ఉన్నట్టే.

గాలి గురించి. ముందు భాగం అద్దంతో మూసేసిన క్యాబినెట్ మన ఎండలకు పనికిరాదు, రంగు దీపాలు ఎన్ని ఉన్నా సరే. ముందు జల్లెడ లాంటి లోహపు తెర, లోపలికి ఊదే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, వెనక బయటికి ఊదేది ఒకటి. లోపలికి వచ్చే గాలి ఎక్కువగా ఉంటే దుమ్ము సందుల్లోంచి కాక ఫిల్టర్ గుండానే వస్తుంది. ఫిల్టర్‌ను పదిహేను రోజులకోసారి దులపాలి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే అదే జనరేటరై బోర్డులోకి వెనక్కి కరెంటు తోసే ప్రమాదం ఉంది. ఎయిర్ కూలర్ గాలి క్యాబినెట్ మీదికి పెట్టడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. అది తడి గాలి, దుమ్మును బురద చేసి అతికిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో దానికి ఉప్పు కూడా తోడు. వెనక వాడని స్లాట్ల రేకులు తీసి పారేయకండి. బల్లులు వెచ్చదనానికి అక్కడినుంచే దూరతాయి, ఎస్ఎంపీఎస్‌లో చచ్చిన బల్లి దాన్ని కూడా తీసుకుపోతుంది.

ఇక అసలు సరదా. బయోస్‌ను ముందు తాజా చేయండి. ఇది లాంఛనం కాదు. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు సాకెట్‌లోనే కాలిపోయాయి. ర్యామ్ వేగం కోసం కొన్ని బోర్డులు చిప్‌లో ర్యామ్‌ను నడిపే ఎస్ఓసీ భాగానికి మితిమీరిన వోల్టేజీ ఇవ్వడం అందుకు కారణం. తర్వాతి బయోస్‌లలో ఏఎండీ దాన్ని 1.3 వోల్టులకు కట్టడి చేసింది. పాత బయోస్‌తో గోడౌన్‌లో పడివున్న బోర్డు మీకు తగలవచ్చు.

తర్వాత ర్యామ్. ఏఎం5కు 6000 వేగం, సీఎల్ 30 ఉన్న డీడీఆర్5 సరైన ఎంపిక. సీఎల్ అంటే అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ తీసుకునే చక్రాల సంఖ్య. ఒక్కో చక్రంలో రెండుసార్లు డేటా వెళ్తుంది కాబట్టి 6000 వేగానికి గడియారం 3000 మెగాహెర్ట్జ్. 30 చక్రాలను 3000 మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే 10 నానోసెకన్ల ఆలస్యం వస్తుంది. 4800 వేగం, సీఎల్ 40 పుల్లకు అదే 16.7. అంటే ర్యామ్ పెట్టె మీది పెద్ద అంకె ఒక్కటే చూసి కొనకూడదు. ఆ 6000 దానంతటది రాదు, బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌లోనే రాసి ఉంచిన ఆ వేగపు సెట్టింగు) ఆన్ చేయాలి. చేయకపోతే డబ్బిచ్చి కొన్న 6000 పుల్ల 4800తోనే ఏళ్లకేళ్లు నడుస్తుంది. ఆన్ చేశాక విండోస్ ఎక్కించకముందే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి నాలుగు పాస్‌లు నడపండి. ఒక్క తప్పు వచ్చినా ఒప్పుకోకూడదు. ర్యామ్ తప్పులతో కంప్యూటర్ వెంటనే ఆగదు. మీరు ఎక్కించే విండోస్‌నే, కాపీ చేసే ఫొటోలనే అక్కడక్కడా చెడగొడుతుంది, నెల తర్వాత తెలుస్తుంది.

అప్పుడు ఏ మార్పూ లేకుండా ఒక కొలత తీసుకోండి. చిప్ కొలతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి పెట్టి, ప్రాసెసర్‌ను పూర్తి పనిలో పెట్టి స్కోరు ఇచ్చే సినీబెంచ్ ఆర్23ను అరగంట నడిపి స్కోరు, చిప్ ఉష్ణోగ్రత, 'ఎఫెక్టివ్ క్లాక్' (చిప్ నిజంగా నడిచిన) వేగం కాగితం మీద రాయండి. పక్కనే గది ఉష్ణోగ్రత కూడా. గోడకు వేలాడదీసే మామూలు థర్మామీటర్ చాలు. ఈ కాగితం లేకుండా చేసే మార్పులన్నీ గుడ్డిగా చేసేవే.

ఇప్పుడు బయోస్‌లో ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ కింద కర్వ్ ఆప్టిమైజర్‌కు వెళ్లి, అన్ని కోర్‌లకూ నెగటివ్ 10 పెట్టండి. ఒక్కో మెట్టు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. అదే వేగానికి ఇంతకుముందు కంటే 30 నుంచి 50 మిల్లీవోల్టులు తక్కువ ఇస్తున్నామన్నమాట. పైన చెప్పిన వర్గం లెక్క ఇక్కడ మనవైపు పనిచేస్తుంది. వోల్టేజీ 5 శాతం తగ్గితే అదే వేగంలో వేడి దాదాపు 10 శాతం తగ్గుతుంది. మిగిలిన చల్లదనాన్ని చిప్ తానే వేగంగా మార్చుకుంటుంది. చల్లగానూ వేగంగానూ ఒకేసారి కావడం ఓవర్‌క్లాకింగ్‌లో ఈ ఒక్కచోటే దొరుకుతుంది. దాంతోపాటే ఉష్ణోగ్రత పరిమితిని 95 నుంచి 85కి దించండి. నష్టం చాలా స్వల్పం, ఫ్యాన్ల అరుపు తగ్గుతుంది.

పది నిలిస్తే పదిహేను, అది నిలిస్తే ఇరవై. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. సినీబెంచ్ అరగంట నడిచింది కాబట్టి గట్టిదనుకుంటారు. మర్నాడు ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడో, ఏదో చిన్న ఫైలు తెరిచినప్పుడో కంప్యూటర్ తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది. అన్ని కోర్‌లూ పనిలో ఉన్నప్పుడు చిప్ వేగం తక్కువగా ఉంటుంది. ఒక్క కోర్ మీదే పని పడ్డప్పుడు అది గరిష్ఠ వేగానికి ఎగురుతుంది. తగ్గించిన వోల్టేజీ చాలనిది అప్పుడే. అందుకే ఒక్కో కోర్‌ను విడివిడిగా పరీక్షించే కోర్‌సైక్లర్‌ను రాత్రంతా నడపాలి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ (WHEA-Logger) పేరుతో వచ్చే తప్పులు చూడాలి, ఏ కోరో పసిగట్టడానికి అందులోని అంకె సాయపడుతుంది. ఆ కోర్‌కు మాత్రమే అయిదు మెట్లు వెనక్కి ఇవ్వండి. ఒకే పెట్టెలోని కోర్‌లన్నీ ఒక్కలా ఉండవు. కంపెనీ ఉత్తమమని గుర్తు పెట్టిన కోర్‌లే ముందు తప్పడం మామూలు, ఎందుకంటే వాటికి ఇచ్చే వోల్టేజీని ఫ్యాక్టరీలోనే బాగా తగ్గించి ఉంచుతారు. ఇంకో చిన్న మోసం కూడా గమనించండి. కొన్నిసార్లు తెర మీద వేగం పెరిగినట్టు కనిపిస్తుంది, స్కోరు తగ్గుతుంది. వోల్టేజీ చాలక చిప్ లోపల గడియారాన్ని సాగదీస్తోందన్నమాట. నమ్మాల్సింది ఎఫెక్టివ్ క్లాక్‌నూ, కాగితం మీది స్కోరునూ.

గ్రాఫిక్స్ కార్డుకు ఇంత కష్టం అక్కర్లేదు. ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్‌ను 80 శాతానికి దించండి. వేగం సాధారణంగా కొద్దిగానే పడిపోతుంది, గదిలో వేడి మాత్రం తేడా తెలుస్తుంది.

సెట్టింగు వికటించి తెరే రాకపోతే ప్లగ్ పీకి, బోర్డు మీద క్లియర్ సీమాస్ అని ఉన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో పది సెకన్లు కలపండి. లేదా సీఆర్2032 బటన్ బ్యాటరీని తీసి కొన్ని నిమిషాల తర్వాత పెట్టండి. మళ్లీ ర్యామ్ నేర్చుకునేదాకా ఆగాలి, కంగారు పడొద్దు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లలో పెద్దవి కొన్ని, అవసరానికి మించిన వోల్టేజీ తీసుకుంటూ క్రమంగా చెడిపోయాయి. 2024లో ఇంటెల్ దాన్ని ఒప్పుకుని, బయోస్ ద్వారా మైక్రోకోడ్ సవరణలు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణ ఇక ముందు చెడకుండా చూస్తుంది, చెడినదాన్ని బాగుచేయదు. పాత యజమాని బయోస్ ఎప్పుడు మార్చాడో తెలియని చిప్‌ను చవకని కొనకండి.

వారంటీ మాట కూడా దుకాణాల్లో ఎవరూ చెప్పరు. వోల్టేజీ తగ్గించినా, ఎక్స్‌పో ఆన్ చేసినా ఏఎండీ నిబంధనల ప్రకారం అది ఓవర్‌క్లాకింగే, వారంటీ వర్తించదని రాసుకున్నారు. 6000 అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో అమ్మేదాన్ని 6000తో నడిపితే వారంటీ లేదనడం ఏం న్యాయమో వాళ్లే చెప్పాలి. ఏదైనా భాగాన్ని వారంటీకి పంపే ముందు బయోస్‌ను మామూలు సెట్టింగులకు మార్చి, అప్పటికీ లోపం ఉందో లేదో చూసి పంపండి. లోపం పోతే భాగం మంచిదే, సెట్టింగుదే తప్పు. బిల్లు మీద జీఎస్టీతో పాటు ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోవాలి. నంబరు లేని బిల్లుతో ఏ సర్వీస్ సెంటర్‌లోనూ వాదించలేం.

మీ సాంకేతిక పేజీకి ఒక మనవి. ప్రాసెసర్లనూ కూలర్లనూ పోల్చి రాసేటప్పుడు ఆ కొలతలు ఎన్ని డిగ్రీల గదిలో తీసినవో కూడా అచ్చువేయండి. ఒక్క అంకె చోటు చాలు. పాఠకుడు తన గదికి ఎంత కలపాలో తానే చూసుకుంటాడు.

ఇక ఇప్పటికే బిగించుకున్నవాళ్లు ఈ నెలలోనే ఒక పని చేయవచ్చు. ఏసీ, ఎయిర్ కూలర్ ఆపి మధ్యాహ్నం మూడింటికి తలుపులు వేసిన గదిలో సినీబెంచ్ అరగంట, తర్వాత ఆ రాత్రి కోర్‌సైక్లర్. చలికాలంలో ఇరవై నిలిచినచోట ఇప్పుడు ఏ కోరైనా తప్పితే దానికి అయిదు మెట్లు వెనక్కి. చివరికి నిలిచిన అంకెలు, తేదీ, గది ఉష్ణోగ్రత ఒక చీటీ మీద రాసి క్యాబినెట్ పక్క తలుపుకు లోపలివైపు అంటించండి. బయోస్ అప్‌డేట్ చేస్తే సాధారణంగా ఆ సెట్టింగులన్నీ చెరిగిపోతాయి, అప్పుడు తీసేది ఆ చీటీయే.

భవదీయుడు,
ఒక పాఠకుడు, సికింద్రాబాద్